సొంత పత్రికకు కొత్త రూపు

17.0 పరిచయం

లేఖ, డైరీ, వ్యాసం రాసే పద్ధతులను గత పాఠాలలో తెలుసుకున్నారు. ఈ మూడింటి లక్షణాలూ కొద్దికొద్దిగా కలిసిన ప్రక్రియ ఒకటి ఉంది. ఒక మనిషి తనకు తోచిన సంగతులు తానే రాసి, తానే పేజీలు కూర్చి, నెలకో రెండు నెలలకో నలుగురికి పంచే చిన్న పత్రిక అది. కొందరు చేత్తో రాసి నకళ్ళు తీయిస్తారు. కొందరు కంప్యూటరులో కూర్చి పీడీఎఫ్‌గా ఫోనులో పంపుతారు. దీనికి సంపాదకవర్గం ఉండదు, చందాలు ఉండవు. రాసేవారి ఓపికే దీనికి మూలధనం.

ఇలాంటి పత్రికను మొదలుపెట్టడం గురించి ఈ పాఠం చెప్పదు. మొదలుపెట్టడం సులభం. అయిదారేళ్ళు నడిచిన తరువాత దాని రూపం పాతబడుతుంది, చదివేవారు తగ్గుతారు, మొదటి సంచికల ఫైళ్ళు తెరుచుకోవు. అప్పుడేం చేయాలన్నదే ఇక్కడి విషయం. పాఠం పూర్తిచేసేసరికి మీరు ఒక పాత సంచికను ఎదురుగా పెట్టుకుని, అందులో ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో కారణాలతో చెప్పగలుగుతారు. చదివేటప్పుడు ఒక తెల్ల కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర ఉంచుకోండి.

17.1 ముందు చదివేవారిని చూడండి

పత్రికకు కొత్త రూపు ఇవ్వాలనుకోగానే చాలామంది ముందుగా శీర్షిక రంగు మారుస్తారు. తరువాత అంచులకు పూలతీగలు వస్తాయి. ఇల్లు కురుస్తుంటే తలుపులకు రంగు వేసినట్లుంటుంది ఈ పని. ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరు. ఇప్పుడు మీ పత్రికను ఎవరు చదువుతున్నారు? ఎవరు చదవడం మానేశారు?

ఒక ఊరిని తీసుకుని చూద్దాం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, దంతెవాడ జిల్లాలో, బైలాడీలా కొండల పాదాన బచేలి ఉంది. బైలాడీలా అంటే ఎద్దు మూపురం అని అర్థం. కొండల వరుస ఆ ఆకారంలో కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. ఆ కొండలలో మేలురకం ఇనుప ఖనిజం ఉంది. దాన్ని విశాఖపట్నం రేవు ద్వారా జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో కొత్తవలస నుంచి అరకు, జగ్దల్‌పూర్ మీదుగా కిరండూల్ వరకు రైలుమార్గం వేశారు. బచేలి ఆ మార్గంలోనే ఉంది. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ గనులను నడుపుతోంది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. బచేలి వైపు అయిదో నంబరు నిక్షేపంలో 1977లో ఉత్పత్తి మొదలైంది. ఒకవైపు విశాఖ రైలు, మరోవైపు హైదరాబాదు కార్యాలయం. ఇక తెలుగువారు ఇక్కడికి ఉద్యోగాలకు రావడంలో, వచ్చినవారిలో కొందరు స్థిరపడిపోవడంలో వింత ఏముంది?

ఇప్పుడు ఒక పరిస్థితిని ఊహించుకుందాం. బచేలి టౌన్‌షిప్‌లో ఉండే ఒక గృహిణి పదిహేనేళ్ళుగా నాలుగు పేజీల తెలుగు పత్రిక నడుపుతున్నారు. అందులో పండుగ కబుర్లు, వంటలు, ఊళ్ళో పెళ్ళిళ్ళు, గనిలో పనిచేసి విరమించినవారు చెప్పిన పాత సంగతులు ఉంటాయి. మొదట అరవై ఇళ్ళవారు అడిగి తీసుకునేవారు. ఇప్పుడు ఇరవై మందికి పంపితే అయిదుగురు చదువుతున్నారు. ఆమె బాధపడి, 'మన పిల్లలకు తెలుగు మీద అభిమానం లేదు' అన్నారనుకోండి. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు గాని, దానితో పని జరగదు. చదివేవారిని ఒక్కొక్కరినే చూడాలి.

మొదట చదివినవారికి ఇప్పుడు డెబ్బై ఏళ్ళు. అక్షరం చిన్నదైతే కళ్ళజోడు పెట్టుకున్నా కష్టమే. వారి కొడుకులకు తెలుగు చదవడం వచ్చు. షిఫ్టు దిగి వచ్చాక ఫోనులో చూస్తారు. రెండు వరుసలుగా కూర్చిన పేజీ ఫోను తెరమీద చీమలబారులా కనిపిస్తుంది, వదిలేస్తారు. మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో నేర్చింది దేవనాగరి లిపి. వారికి భాష వచ్చు, లిపి రాదు. ఇది భాష రానివారి సమస్య కన్న పూర్తిగా వేరు. ఇక నాలుగోరకం పాఠకులు విజయనగరంలో, శ్రీకాకుళంలో ఉన్న బంధువులు. వారికి లిపి వచ్చు గాని, పత్రికలో వివరణ లేకుండా వచ్చే 'డిపాజిట్', 'లోడింగ్ ప్లాంట్' వంటి మాటలు వారికి అర్థం కావు.

చూశారా! 'చదివేవారు తగ్గారు' అన్న ఒక్క ఫిర్యాదు నాలుగు వేరువేరు పనులుగా విడిపోయింది. అక్షరం పెంచడం, ఫోనుకు తగిన పేజీ చేయడం, లిపి కూడబలుక్కునే పిల్లలకు ఒక మూల కేటాయించడం, గని మాటలకు అర్థాలు ఇవ్వడం. పూలతీగల అవసరం ఎక్కడా రాలేదు.

పాఠ్యగత ప్రశ్న 1 : భాష వచ్చి లిపి రాని పాఠకుడికీ, లిపి వచ్చి స్థానిక పదాలు తెలియని పాఠకుడికీ పత్రికలో చేయవలసిన ఏర్పాట్లు ఎలా వేరుగా ఉంటాయి?

17.2 ఒక పాత పత్రిక కథ

ఒక్కరే నడిపిన పత్రిక తన రూపం మార్చుకోవడం తెలుగువారికి కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధని పత్రిక ప్రారంభించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఆరేళ్ళు. వృత్తి ఉపాధ్యాయత్వం. గోదావరి తీరాన కూర్చుని రాసినది మొదట్లో అచ్చు కోసం మద్రాసు వెళ్ళవలసి వచ్చేది. రాతప్రతి వెళ్ళాలి, అచ్చయి తిరిగి రావాలి. ఈనాటి రైలుమార్గాలు లేని ఆ రోజులలో ఇది ఎంత ఆలస్యమో ఊహించండి. తరువాత ఆయన రాజమండ్రిలో సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. అది పత్రికకు జరిగిన మొదటి పెద్ద మార్పు. పాఠకుడి కంటికి అది నేరుగా కనిపించదు గాని, వార్త వేడిమీద అందడమన్నది దానివల్లనే సాధ్యపడింది. న్యాయస్థానాలలో, కచేరీలలో జరిగే లంచగొండితనాన్ని ఎండగట్టిన పత్రికకు ఆలస్యం పనికిరాదు కదా!

రెండో మార్పు భాషలో జరిగింది. వీరేశలింగంగారు పండితులు. 'శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము' అనే కావ్యం రాశారు. పేరులోనే దాని నియమాలన్నీ ఉన్నాయి. సంస్కృత పదం రాకూడదు, ప-ఫ-బ-భ-మ వంటి పెదవులు కలిసే అక్షరాలు రాకూడదు, మధ్యలో వచనం ఉండకూడదు. అంతటి గారడీ చేయగలిగిన వ్యక్తి పత్రికకు వచ్చేసరికి పాండిత్య ప్రదర్శనను పక్కన పెట్టి, పదిమందికీ తెలిసే వచనం వైపు నడిచారు. చేతకాక సులభంగా రాయడం వేరు, చేతనై సులభంగా రాయడం వేరు. రెండోదానికి వివేకవర్ధని మంచి ఉదాహరణ.

మూడోది మనకు మరీ ఉపయోగపడే మార్పు. అన్నిరకాల పాఠకులను ఒకే పత్రికతో తృప్తిపరచడానికి ఆయన ప్రయత్నించలేదు. నవ్వుతూ చదివేవారి కోసం 1876లో హాస్యసంజీవని వచ్చింది. సంభాషణల రూపంలో ఉన్న ప్రహసనాలు అందులో వేశారు. వృద్ధులు చిన్నపిల్లలను పెళ్ళాడే ఆచారాన్ని ఎగతాళి చేసిన 'బ్రాహ్మవివాహము' వాటిలో ఒకటి. స్త్రీల కోసం 1883లో సతీహితబోధిని ప్రారంభించారు. 1878లో వివేకవర్ధనిలో విడతలుగా వచ్చిన 'రాజశేఖర చరిత్రము' 1880లో పుస్తకమయింది. తరువాత ఏం జరుగుతుందోనన్న కుతూహలంతో పాఠకుడు మరుసటి సంచిక కోసం ఎదురుచూసే పద్ధతి అలా వచ్చింది. బచేలి గృహిణి తన నాలుగు పేజీలలో ఒక పేజీని పిల్లలకు కేటాయిస్తే, విశ్రాంత కార్మికుడి జ్ఞాపకాలను ఒకేసారి కుక్కకుండా నాలుగు సంచికలలో విడతలుగా వేస్తే, వీరేశలింగంగారు నడిచిన దారిలోనే ఆమె కూడా నడిచినట్లు.

ఇంకొక పేరు కూడా చెప్పుకోవాలి. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. ఆయన ఊరు పర్లాకిమిడి. 1936 నుంచి అది ఒడిశాలో ఉంది. ఆ పత్రిక ఎక్కువకాలం నిలవలేదు. అయినా జనం మాట్లాడే భాషలో రాయవచ్చునన్న వాదాన్ని నిలబెట్టింది. రామమూర్తిగారు తమ ఇంటి చుట్టుపక్కల కొండలలో ఉన్న సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. బచేలి చుట్టూ గోండీ, హల్బీ వినిపిస్తాయి. గోండీ తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష. మీ పత్రికలో పొరుగు భాషకు నాలుగు వరుసలు చోటు ఇవ్వాలని అనిపిస్తే, మీకంటె ముందు ఆ పని చేసిన పెద్దమనిషి ఉన్నారని గుర్తుంచుకోండి.

17.3 భాషకు కొత్త రూపు

పేజీ జోలికి వెళ్ళేముందు వాక్యం సంగతి చూద్దాం. కింది రెండు భాగాలూ ఈ పాఠం కోసం ఊహించి రాసినవి. మొదటిది పాత సంచికలోది అనుకోండి.

"సంక్రాంతి పర్వదినమును పురస్కరించుకొని టౌన్‌షిప్ నివాసులైన మహిళామణులచే రంగవల్లుల పోటీలు నిర్వహింపబడినవి. అనేకమంది మహిళలు విచ్చేసి కార్యక్రమమును విజయవంతము గావించిరి."

ఇందులో తప్పులు లేవు. అయితే ఏ ఊళ్ళో జరిగిన పోటీ గురించి అయినా ఇదే వాక్యం రాయవచ్చు. ముగ్గు ఒక్కటి కూడా కంటికి కనపడదు. ఇప్పుడు ఇది చూడండి.

"భోగి మరునాడు క్వార్టర్ల ముందు ముగ్గుల పోటీ పెట్టుకున్నాం. ఇక్కడి నేల ఎర్రన కాబట్టి పిండిముగ్గు దూరానికి కూడా తెల్లగా కనిపించింది. పద్నాలుగు మంది వేశారు. రాయగడ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి వేసిన రథం ముగ్గు చూడటానికి షిఫ్టు బస్సు కూడా కాసేపు ఆగింది."

రెండోది కొంచెం పెద్దది. మార్చి రాసినప్పుడు పొడవు తగ్గాలన్న నియమం లేదని దీన్నిబట్టి గ్రహించండి. 'నిర్వహింపబడినవి' పోయి 'పెట్టుకున్నాం' వచ్చింది. 'అనేకమంది' పోయి 'పద్నాలుగు మంది' వచ్చింది. విజయనగరంలో ఉన్న బంధువుకు ఇక్కడి నేల రంగు తెలిసింది. మీ పాత సంచికలో 'పురస్కరించుకొని', 'విచ్చేసి', 'గావించిరి' వంటి మాటలకింద పెన్సిలుతో గీతలు గీయండి. పేజీకి అయిదు గీతలు దాటితే, అక్షరాల కన్న ముందు భాషకే చికిత్స కావాలి.

పిల్లల మూల విషయం వేరు. వారికోసం తెలుగు పదాలను పెద్ద అక్షరాలతో వేసి, పక్కన తెలిసిన హిందీ మాట ఇస్తే చాలు. ఏరు – నదీ, కొండ – పహాడ్, వాన – బారిశ్. సంచికకు ఎనిమిది మాటలు మించవద్దు. ఆ మాటలే ఆ సంచికలోని కథలో కనిపించాలి. లేకపోతే అది బడిలో ఇచ్చే హోంవర్కులా ఉంటుంది.

17.4 పేజీ : అక్షరం, వరుస, ఖాళీ

తెలుగు పేజీని ఇంగ్లీషు పేజీ కొలతలతో కూర్చడం మన చిన్న పత్రికలలో తరచు కనిపించే లోపం. కంప్యూటరు ఇచ్చిన కొలతలను అలాగే ఉంచేస్తారు. ఆ కొలతలు ఇంగ్లీషు అక్షరానికి సరిపోయేవి. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. తలకట్టు, గుడి, ఏత్వం పైన ఉంటాయి. వత్తులు కింద ఉంటాయి. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద ట, దానితో ర వత్తు కూడా చేరతాయి. 'స్త్రీ' చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. వరుసల మధ్య చోటు చాలకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. చదివేవారికి కారణం తెలియదు. 'ఎందుకో కళ్ళు లాగుతున్నాయి' అని పక్కన పెట్టేస్తారు.

అందువల్ల 12 పాయింట్ల అక్షరం వాడితే, వరుసకు 18 నుంచి 20 పాయింట్ల ఎత్తు ఇవ్వండి. పెద్దవయస్సు వారికోసమైతే అక్షరం 14, వరుస 22 పెట్టవచ్చు. కాగితం ఎక్కువవుతుంది. దానికి తగినట్లు విషయం తగ్గించండి గాని, వరుసలను బిగించకండి.

అక్షరాన్ని లావు చేయడంలో కూడా జాగ్రత్త అవసరం. తెలుగు అక్షరాలలో చిన్నచిన్న గుండ్రని ఖాళీలు ఉంటాయి. మ, య, ఘ, ఝ, ఠ లను చూడండి. ఆ ఖాళీలనుబట్టే ఒక అక్షరాన్ని ఇంకొక అక్షరం నుంచి కన్ను వేరు చేస్తుంది. లావు చేసినప్పుడు అవి పూడిపోతాయి. నకలు తీసే యంత్రంలో సిరా ఎక్కువ పడితే మరీ ఘోరం. 'ధ'కూ 'థ'కూ మధ్య ఉన్న చిన్న తేడా మాయమవుతుంది. కాబట్టి లావు అక్షరాలను శీర్షికలకే ఉంచుకోండి. వాక్యం మధ్యలో ఒక మాటను ఎత్తి చూపాలంటే మాటల అమరికతో చూపండి. తెలుగులో పదక్రమానికి ఆ సౌకర్యం ఉంది. 'రైలు నిన్న వచ్చింది', 'నిన్న వచ్చింది రైలు' – ఈ రెండింటిలో ఊనిక ఎక్కడ పడిందో చదివి చూడండి. ఇంగ్లీషులోలాగ అక్షరాలను పక్కకు వంచడం మాత్రం మన లిపికి నప్పదు. గుండ్రటి అక్షరం వంగితే తూలుతున్నట్లు కనిపిస్తుంది.

ఇక వరుస పొడవు. తెలుగులో విభక్తులు, క్రియలు కలిసిపోయి మాటలు పొడవవుతాయి. 'చెప్పుకుంటున్నారట' ఒక్క మాట. ఇరుకైన వరుసలో ఇలాంటివి రెండు వస్తే మూడోదానికి చోటుండదు. రెండు అంచులూ సమంగా రావాలని యంత్రానికి చెబితే, అది మాటల మధ్య పెద్దపెద్ద సందులు పెడుతుంది. పేజీలో తెల్లటి వాగులు పారుతున్నట్లుంటాయి. దీనికి మందు సులభం. ఎడమ అంచు సమంగా ఉంచి కుడి అంచును దాని ఇష్టానికి వదిలేయండి. కొంతమందికి ఇది అందంగా అనిపించదు. అందం కన్న చదవడం ముఖ్యమని నా అభిప్రాయం. ఫోనులో చదివేవారి కోసమైతే పేజీని ఒకే నిలువు వరుసగా, సగం కాగితం సైజులో కూర్చండి. అప్పుడు వేళ్ళతో పేజీని పెద్దది చేసి పక్కలకు జరుపుకోనవసరం ఉండదు.

అక్షర రూపాలు ఏవి వాడాలన్నది చివర ఆలోచించండి. ఈనాడు ఖర్చు లేకుండా దొరికే తెలుగు ఖతులు చాలా ఉన్నాయి. పొడవైన వ్యాసానికి నోటో, మండలి వంటి సాదా రూపాలు మంచివి. రామభద్ర వంటివి లావుగా ఉండి శీర్షికకు నప్పుతాయి. లోపలి విషయానికి ఒకటి, శీర్షికలకు ఒకటి చాలు. ఒకే పేజీలో ఆరు రకాలు కనిపిస్తే, సంతలో ఆరుగురు ఒకేసారి అరిచినట్లు ఉంటుంది.

పాఠ్యగత ప్రశ్న 2 : 'లక్ష్మి', 'రాష్ట్రం', 'స్త్రీ', 'కలము' – వీటిలో వరుసల మధ్య చోటు తక్కువైనా ఇబ్బంది పెట్టని మాట ఏది? ఎందుకు?

కార్యకలాపం : ఒక పాత సంచిక నుంచి ఎనిమిది వరుసలు తీసుకుని, తెల్ల కాగితం మీద వాటినే ఎక్కువ ఎడంతో తిరిగి రాయండి. రెండింటినీ ఇంట్లో పెద్దవారికి ఇచ్చి చదవమనండి. ఏది ఆగకుండా చదివారో గమనించి నమోదు చేయండి.

17.5 తెరుచుకోని పాత సంచికలు

ఇప్పటివరకు చెప్పినవి తరువాతి సంచిక నుంచి చేయవలసిన పనులు. వాటిలో పొరపాటు జరిగితే ఆ పై నెలలో దిద్దుకోవచ్చు. ఈ విభాగంలో చెప్పేది అలాంటిది కాదు. ఆలస్యమైతే మళ్ళీ దొరకనిది.

మన ఉదాహరణలోని గృహిణి మొదటి అయిదేళ్ళ సంచికలను ఆనాటి కంప్యూటరులో, ఆనాటి డీటీపీ తెలుగు ఖతితో కూర్చారనుకోండి. ఇప్పుడు ఆ ఫైలు కొత్త కంప్యూటరులో తెరిస్తే తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, వింత గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. కొండమీదికి మొదట వచ్చినవారు చెప్పిన సంగతులు ఆ సంచికలలోనే ఉన్నాయి. చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు. ఫైలు పాడయిందనుకుని తుడిచేస్తే వారి మాటలు అంతటితో సరి.

అసలు ఆ ఫైలు పాడవలేదు. ఎందుకో చూద్దాం. కంప్యూటరు దాచుకునేవి అంకెలే. ఏ అంకె ఏ అక్షరమో ముందే ఒప్పందం ఉండాలి. పాత డీటీపీ ఖతులు తెలుగుకు వేరే అంకెలు పెట్టుకోకుండా, ఇంగ్లీషు అక్షరాల అంకెలకే తెలుగు బొమ్మలు తొడిగాయి. ఫైలులో ఉన్నది ఇంగ్లీషు అక్షరపు అంకె. ఖతి దానికి తెలుగు వేషం వేసింది. ఖతి లేనిచోట వేషం ఊడి అసలు రూపం బయటపడింది. అంతే జరిగింది. పైగా ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రకంగా వేషాలు కట్టింది కాబట్టి, ఒక ఖతితో కూర్చినది ఇంకొక ఖతితో చదవడం కుదరదు.

యూనికోడ్ ఈ చిక్కును విడదీసింది. 1991 అక్టోబరులో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించారు. భారతదేశంలో అంతకుముందు తయారైన ఇస్కీ సంకేతాల అమరికను అందుకు ఆధారంగా తీసుకున్నారు. దాని ప్రకారం 'క'కు ప్రపంచమంతటా ఒకటే అంకె. ఖతి మారితే అక్షరం ఆకారం మారుతుంది గాని, 'క' ఇంకొక అక్షరం అయిపోదు. ఒప్పందం ఉన్నా అది ఇళ్ళలోని యంత్రాలకు చేరడానికి ఏళ్ళు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఖతి జత చేశారు. ఫోనులలో తెలుగు సరిగా కనిపించడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఈలోగా కూర్చినవన్నీ పాత వేషాలలోనే ఉండిపోయాయి.

అందువల్ల పని ఈ క్రమంలో చేయండి. పాత ఫైలును ముట్టుకోకుండా మొదట దాని నకళ్ళు రెండు తీసి వేరువేరు చోట్ల దాచండి. తరువాత ఆ సంచిక కాగితం ప్రతి ఎవరింట్లోనైనా ఉందేమో వెతకండి. బీరువా అడుగున వార్తాపత్రికకు బదులుగా పరచి ఉన్నా సరే, అదే మీకు ప్రమాణం. ఆ పైన ఏ ఖతితో కూర్చారో తెలుసుకుని, ఆ ఖతి నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనంతో మార్చండి. చివరగా, కాగితం ప్రతితో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూస్తూ ఉండటం మంచి పద్ధతి. లిపి నేర్చుకుంటున్న మనవడికి ఈ పని ఇచ్చి చూడండి. నాయనమ్మ చదువుతుంటే తెరమీద వేలు పెట్టి వెంట వెళ్ళడంకన్న మంచి వాచకం బచేలిలో వాడికి వేరే దొరకదు.

యంత్రం మార్చిన పాఠంలో తప్పులు ఎక్కడ దొర్లుతాయి? వత్తులు తమ అక్షరాన్ని వదిలి పక్క అక్షరానికి అంటుకుంటాయి. దీర్ఘాలు ఊడిపోతాయి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలలో ఇంకొక తమాషా జరుగుతుంది. 'టౌన్‌షిప్‌లో' అని రావలసినచోట 'టౌన్షిప్లో' అని వస్తుంది. పొల్లు తరువాత హల్లు వస్తే, యంత్రం దాన్ని వత్తుగా మార్చడం తెలుగు నియమం ప్రకారం సరైన పనే. ఇక్కడ వద్దని చెప్పడానికి, కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తును ఆ రెండింటి మధ్య పెట్టాలి. తెలుగు మీటల అమరికలు చాలావాటిలో అది ఉంటుంది. గని, రైలు, కార్యాలయం మాటలు ఎక్కువగా వచ్చే పత్రికలో ఈ గుర్తు తెలిసి ఉండటం తప్పనిసరి.

కాగితం ప్రతి దొరికి, ఫైలు దొరకకపోతే? పేజీని బొమ్మ తీసి ఉంచండి. తీరిక ఉన్నప్పుడు తిరిగి కూర్చవచ్చు. బొమ్మలో ఉన్న మాటలను వెతకడం కష్టం, నిజమే. అసలు లేకపోవడంకన్న అది నయం.

17.6 పాతదాన్ని ఎంతవరకు దిద్దవచ్చు?

పాత సంచికలను మార్చుతున్నప్పుడు చేయి దురద పెడుతుంది. ఆనాటి వాక్యం ఇప్పుడు పేలవంగా కనిపిస్తుంది. అప్పుడు మెచ్చుకుంటూ రాసిన మనిషితో ఇప్పుడు మాటలు ఉండకపోవచ్చు. 'ఎలాగూ మారుస్తున్నాం కదా' అని కొన్ని పేరాలు తీసేయాలనిపిస్తుంది.

అక్షరదోషాలు దిద్దండి. సంచిక సంఖ్య, నెల, సంవత్సరం ఉన్నవి ఉన్నట్లే ఉంచండి. వాక్యాలను మాత్రం మార్చకండి. 17.3లో చెప్పిన చికిత్స కొత్త సంచికలకే. పదిహేనేళ్ళనాటి పేజీ ఆనాటి ఊరికి సాక్ష్యం. అప్పట్లో కూరగాయల ధర ఎంత, రైలు ఎన్ని గంటలకు వచ్చేది, ఏ ఇంట్లో బొమ్మలకొలువు పెట్టేవారు అన్నవి చరిత్రగ్రంథాలలో దొరకవు. సమాచారంలోనే తప్పుంటే, పేజీ అడుగున తేదీ వేసి సవరణ రాయండి. ఒకవేళ ఎవరి ఇంటి గుట్టో, రోగం సంగతో అందులో ఉండి, ఆ ఇంటివారు తీసేయమని అడిగితే తీసేయండి. ఇక్కడ చరిత్రకన్న మనిషి ముఖ్యం.

మార్పులన్నీ ఒకే సంచికలో చేయవద్దని కూడా చెప్పాలి. పేరు, అక్షరం, పేజీ, భాష అన్నీ ఒక్కసారిగా మారితే పాత పాఠకుడు అది వేరే పత్రిక అనుకుంటాడు. ఏ మార్పు మేలు చేసిందో మీకూ తెలియదు. మొదట వరుసల ఎడం, అక్షరం సైజు. రెండు సంచికలయ్యాక పిల్లల మూల. ప్రతిసారీ ముగ్గురిని అడగండి. 'బాగుందా?' అని అడగకండి. మొహమాటానికి బాగుందనే అంటారు. 'మూడో పేజీలో ఏముంది?' అని అడగండి.

17.7 అభ్యాసం

1. మీ ఇంట్లో గాని, పరిచయస్థుల ఇంట్లో గాని ఉన్న ఒక చిన్న పత్రిక, సంఘం కరపత్రం, లేదా పెళ్ళి సావనీరు తీసుకుని, దాన్ని చదవవలసిన మూడు రకాల పాఠకులను గుర్తించి ఒక్కొక్కరికి ఉన్న ఇబ్బందిని రెండేసి వాక్యాలలో రాయండి.

2. కింది వాక్యాన్ని మీ ఊరి వివరాలు చేర్చి తిరిగి రాయండి : "పదవీ విరమణ గావించిన ఉద్యోగులకు ఘనముగా వీడ్కోలు సభ ఏర్పాటు చేయబడినది."

3. పాత ఫైలులో తెలుగుకు బదులు వింత గుర్తులు కనిపిస్తే అది పాడవలేదని ఎలా చెప్పగలరు? మీ స్నేహితుడికి ఉత్తరం రూపంలో వివరించండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. మొదటి పాఠకుడికి పెద్ద అక్షరాలు, తక్కువ మాటలు, తెలిసిన లిపిలోని భాష నుంచి సహాయం కావాలి. మాటల అర్థం అతనికి చెవి ద్వారా తెలుసు కాబట్టి, వివరణ అక్కరలేదు. రెండో పాఠకుడికి అక్షరంతో ఇబ్బంది లేదు. గని, టౌన్‌షిప్ మాటలకు అదే పేజీలో చిన్న వివరణ ఇవ్వాలి.

2. 'కలము'. అందులో కిందికి దిగే వత్తులు గాని, గుడి, ఏత్వం వంటి పైకి లేచే గుర్తులు గాని లేవు. 'లక్ష్మి'లో ష వత్తు, దానితో మ వత్తు ఉన్నాయి. మిగిలిన రెండింటి సంగతి 17.4లో చూశారు.